నాణేల వేలంలో తెలుగక్షరం

మనం రోజుకు వందసార్లు పలికే 'డబ్బు' అనే మాట ఒకప్పుడు ఒకానొక నాణెం పేరు. రాగి నాణెం. చెన్నపట్నం లెక్కలో 20 కాసులు ఒక డబ్బు, 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. ఇంగ్లీషు దొరలు ఈ మాటను మననుంచే తీసుకొని 'డబ్' అని తమ లెక్కల పుస్తకాల్లో రాసుకున్నారు. బ్రౌను దొర నిఘంటువులో కూడా డబ్బు అంటే రాగి నాణెమనే ఉంటుంది. నాణెం పోయింది, పేరు మాత్రం ధనానికంతా పేరై నిలిచింది. ఈ సంగతి చాలాకాలంగా ఎరిగినా, డబ్బును చేత్తో పట్టుకొని చూసింది మాత్రం బెంగళూరులో ఒక చిన్న నాణేల దుకాణంలో జరిగే వేలంపాటలోనే.

నేను హోసూరు వాణ్ణి. ఉద్యోగం బ్యాంకులో. బి.కాం. చదివిన వాడికి చరిత్రతో పనేమిటని ఇంట్లో వాళ్లు అంటుంటారు. నాకు చరిత్ర లెక్కల దారినే వచ్చింది. మారకం రేటు తెలియకుండా పాత శాసనం చదివినా, పాత దస్తావేజు చదివినా సగమే అర్థమవుతుంది.

ఆ దుకాణం అవెన్యూ రోడ్డు వెనక సందుల్లో, ఇరుకు మెట్లెక్కి వెళ్లే ఒక గది. రెండు మూడు నెలలకొక ఆదివారం పాట పెడతారు. పది రోజుల ముందే జాబితా ఫోనుకు పంపుతారు, అడిగిన వాళ్లకు కాగితంమీద కూడా ఇస్తారు. ఒక్కొక్క నాణేనికో, నాణేల గుంపుకో ఒక వరుస సంఖ్య. దాన్ని 'లాట్' అంటారు. పక్కన కనీస ధర. చింతతోపు వేలానికీ చెరువులో చేపల వేలానికీ మనవాళ్లు 'సర్కారువారి పాట' అంటారే, ఇక్కడ అది దుకాణంవారి పాట. ఆపైన ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నీ మామూలే. పాట ఎవరి పేర కొట్టేస్తే వాళ్లు ఆ మొత్తంమీద దుకాణం కమీషనూ, పన్నూ కలిపి కట్టాలి. కొత్తగా వచ్చేవాళ్లు ఇది మరిచిపోయి, పాడిన అంకెనే ధర అనుకుంటారు.

పాట మొదలయ్యే ముందు ఒక గంట సరుకు చూసుకోనిస్తారు. నన్నడిగితే ఆ గంటే అసలు వేలం. భూతద్దం, చిన్న తక్కెడ, మెత్తటి గుడ్డ తెచ్చుకొని ఒక్కో నాణేన్ని అంచుతో పట్టుకొని చూస్తారు. ముఖంమీద వేలు పెడితే పక్కనున్నవాడు చూసే చూపు భరించలేం. మా బ్యాంకులో తాకట్టు నగల వేలం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ అప్రైజరు గీటురాయిమీద గీసి, ఆమ్లం చుక్క వేసి, తూకం చెబుతాడు. బంగారం ఎంతో ధర అంత. ఇక్కడ గీత పడితే ధర సగానికి పడిపోతుంది. మెరవాలని చింతపండుతో తోమిన రాగి నాణేన్ని ఎవరూ కన్నెత్తి చూడరు. నల్లబడిన ఆ పొరే దాని వయసుకు రుజువు.

విజయనగరం వరహాల పరిస్థితి మరీ చిత్రం. అవి మిగిలిందీ నగలవల్లే, పోయిందీ నగలవల్లే. వరహా తూకం సుమారు 3.4 గ్రాములు. కృష్ణదేవరాయలదైతే ఒకవైపు వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు, రెండోవైపు నాగరిలో మూడు వరుసల్లో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని ఉంటుంది. ఇలాంటివి కాసులపేరులో చేరి నాలుగైదు తరాలు ఆడవాళ్ల మెడల్లో భద్రంగా ఉన్నాయి. తరవాత కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో కంసాలి మూసలోకి వెళ్లాయి. వేలానికి వచ్చే వాటిలో కొన్నింటికి పైన కొక్కెం అతికిన మచ్చ ఉంటుంది. మచ్చ ఉన్నదానికి ధర తక్కువ. నాకు మాత్రం మచ్చ ఉన్నదే ఇష్టం. అది ఎవరో ఒకావిడ మెడలో ఉన్నదని తెలుస్తుంది గదా. వరహాలకు దొంగ అచ్చులు విపరీతం కాబట్టి ఇష్టమున్నా నేను పాట పాడను.

దొంగ సరుకు మాట వచ్చింది గనుక రామటంకాల సంగతి కూడా చెప్పాలి. ప్రతి పాటకూ ఎవరో ఒకరు జేబులోంచి మడత గుడ్డ తీస్తారు. అందులో ఒకవైపు సీతారాముల పట్టాభిషేకమో హనుమంతుడో, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1616 అనో 1818 అనో సంవత్సరం, అర్ధణా అన్న మాట. దీనికి లక్షలిస్తారని విన్నామంటారు. బియ్యపు గింజల్ని లాగుతుందని కూడా అంటారు. 1616లో కంపెనీకి మన దేశంలో అణాలు ముద్రించే అధికారమూ లేదు, అవసరమూ లేదు. అవి చాలా ఆలస్యంగా, యాత్రాస్థలాల్లో అమ్మకానికి చేసిన టోకెన్లు. పూజలో పెట్టుకోవచ్చు, అప్పుచేసి కొనకూడదు. దుకాణదారు ఈ ముక్క రోజుకు ఎన్నిసార్లు చెబుతాడో పాపం.

ఇక మన డబ్బు దగ్గరికి వద్దాం. జాబితాలో 1808 నాటి 20 కాసుల నాణెం ఒకటి ఉంది. ఒకవైపు రెండు సింహాల మధ్య కంపెనీ చిహ్నం. రెండోవైపు ఇరవై కాసులు నాలుగు ఫలూసులని పారసీలో, కింద ఇంగ్లీషులో అంకె. ఇది చెన్నపట్నం టంకశాలలో అచ్చయింది కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో అచ్చువేసి పంపింది. సుత్తి దెబ్బతో కొట్టిన మన పాత కాసులు ఒకటి ఉన్నట్టు మరొకటి ఉండవు. ఇవి మాత్రం ఒక్క తీరుగా గుండ్రంగా ఉంటాయి.

ఈ నాణేలకొక పెద్ద కథ ఉంది. అడ్మిరల్ గార్డ్నర్ అనే కంపెనీ ఓడ 48 టన్నుల రాగి నాణేలను చెక్క పీపాల్లో నింపుకొని మన దేశానికి బయలుదేరింది. 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల దగ్గర తుఫానులో చిక్కి మునిగిపోయింది. 20 కాసుల నాణెం తూకం తొమ్మిది గ్రాముల పైచిలుకు. మొత్తం అవే అనుకొని కాగితంమీద లెక్క వేశాను: 50 లక్షలకు పైమాట. 48 డబ్బులు ఒక రూపాయి కాబట్టి సుమారు లక్ష రూపాయలు. రైతుకూ కూలికీ చిల్లరగా చేరవలసిన లక్ష రూపాయలు సముద్రం పాలయ్యాయి. 1985లో ఆ ఓడనుంచి సుమారు 10 లక్షల నాణేలు పైకి తీశారు. అవి ప్రపంచమంతా అమ్ముడుపోయాయి, కొన్ని తిరిగి తిరిగి మన ఊళ్లకూ చేరాయి. అలాంటివాటిలో ఒకటి ఆ రోజు పాటకు వచ్చింది. పక్కనే వాడకంలో అరిగిన నాణెం మరొకటి. నీటినుంచి తీసిన దానిమీద సింహాల జూలు కూడా తెలుస్తున్నది. పోటీ అంతా దానికే. నేను అరిగినదాన్ని తీసుకున్నాను. అది సంతలో ఉప్పు కొన్నది, వక్కలు కొన్నది. సముద్రంలోది ఒక్క వస్తువూ కొనలేదు.

కానీ చూడండి, మన భాష పేరుపెట్టిన ఈ నాణెంమీద మన అక్షరం ఒక్కటీ లేదు. అంతకు ఏడాది ముందు, 1807లో మొదలైన వెండి అరవరహాలమీద ఉంది. వాటిమీద ఒకవైపు చుక్కల మధ్య గాలిగోపురం, ఇంగ్లీషు, పారసీ. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ పట్టీలో తెలుగు, తమిళం. స్పెయిను డాలర్లను తెచ్చి వాటిమీదే ఈ ముద్ర కొట్టేవారు. బాగా వెతికితే కొన్నింటిపై గోపురం కింద స్పెయిను ముద్ర జాడ కనిపిస్తుంది. ఒక్క వెండిబిళ్లమీద ఎన్ని దేశాలో! 1818లో చెన్నపట్నం ప్రభుత్వం 100 వరహాలకు 350 రూపాయల లెక్కన వరహా పద్దును రూపాయి పద్దులోకి మార్చింది. 1835లో కంపెనీ రాజ్యమంతటికీ ఒకే తీరు రూపాయి వచ్చింది. గోపురమూ పోయింది, తెలుగూ పోయింది.

మళ్లీ తెలుగు నాణెంమీదికి వచ్చింది 1907లో. ఏడవ ఎడ్వర్డు కాలపు నికెల్ అణా అది. అంచు పువ్వు రేకుల్లా పన్నెండు వంపులు తిరిగి ఉంటుంది. చదువురాని వాళ్లు కూడా చీకట్లో తడిమి గుర్తుపట్టగలరు. నడుమ అంకె, చుట్టూ నాలుగు లిపులు: ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. దక్షిణాది నుంచి ఆ నాణెంమీదికెక్కిన లిపి మనదొక్కటే. పెషావరులో టీ తాగినవాడి చేతిలోనూ, రంగూనులో బియ్యం మూటలు మోసినవాడి చేతిలోనూ 'ఒక అణా' అనే తెలుగు మాట తిరిగింది. దీన్ని పట్టుకొని ఇరుగుపొరుగు భాషల వాళ్లమీద గొప్పలు పోవలసిన పనేమీ లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరువై, 1918లో బేడ, 1919లో పావలా, అర్ధరూపాయి కూడా నికెల్‌లో వచ్చాయి. వాటిమీదా తెలుగుంది.

ఆ రోజు జాబితాలో 'పన్నెండు అణాలు, అయిదవ జార్జి' అని ఒక లాట్ ఉంది. వివరంలో లిపులు 'ఉర్దూ, హిందీ, బెంగాలీ, కన్నడ' అని వేశారు. దుకాణదారుకు చెప్పాను. ఆయన మంచివాడే. "సార్, మా కళ్లకు రెండూ ఒకటే మాదిరి కనపడతాయి. కన్నడ అనే ఎప్పటినుంచో వేస్తున్నాం, ఎవరూ అడగలేదు" అన్నాడు. పక్కన కూర్చున్న ఒక రిటైర్డు మేష్టారు, కన్నడం ఆయన, భూతద్దం తీసుకొని చూసి నవ్వారు. "మాదైతే ఒందు ఆణె అని ఉండాలి గదా. ఇది తెలుగే" అన్నారు. అంతటితో తేలిపోయింది. నిజానికి ఎవరూ అడగలేదన్న మాటే నాకు గుచ్చుకుంది. ఆ గదిలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఆ రోజు నలుగురైదుగురికి తక్కువ లేరు.

వాళ్లలో యలహంక వైపు కుర్రవాడొకడున్నాడు. నాణేలలో నాకంటే ఘనుడు. తేదీ కింద చిన్న చుక్క ఉంటే బొంబాయి, లేకుంటే కలకత్తా అని చూడకుండా చెబుతాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని, బడిలో కన్నడమూ ఇంగ్లీషే. "సార్, ఇది మన తెలుగా? ఇన్నేండ్లుగా ఏరుతుండాను, దీన్నీ కన్నడమే అనుకుంటిని" అన్నాడు. కన్నడం వచ్చినవాడికి తెలుగు చదవడం ఎంతసేపు? ఒ, క, అ, ణా, నాలుగే అక్షరాలు. తలకట్టు తేడా చూపించాను. చివరిదాని పక్కన దీర్ఘం చూపించాను. అరగంటలో బేడమీది మాట కూడా కూడబలుక్కున్నాడు. 400 రూపాయలకు ఆ పన్నెండూ నా పేర కొట్టేశారు, అందులో రెండు వాడికిచ్చాను. డబ్బు ఇవ్వబోయాడు గాని తీసుకోలేదు.

కొనేవాళ్లకు చట్టం మాట ఒకటి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపకూడదు. విదేశంలో ఉన్న కొడుక్కి బహుమతిగా పంపడమూ కుదరదు. అలాగే పొలం దున్నుతుంటే ముంత దొరికిందని ఎవరైనా తెస్తే చేయి పెట్టవద్దు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా ఉంది. పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలపాలి.

1950లో గణతంత్ర నాణేలు వచ్చినప్పుడు వాటిమీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే మిగిలాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చి అణా కూడా వెళ్లిపోయింది. తెలుగు ఇప్పుడు నోటు వెనక భాషల పట్టీలో ఉంది. తరవాతి జాబితాలో ఆ దుకాణం వాళ్లు 'ఉర్దూ, హిందీ, బెంగాలీ, తెలుగు' అని వేశారు. యలహంక కుర్రవాడూ నేనూ ఇప్పుడు 1919 నికెల్ అర్ధరూపాయి కోసం చూస్తున్నాం. దానికి దొంగ నాణేలు ఎక్కువై ప్రభుత్వమే వెనక్కి తీసుకున్నది గనుక, కనిపించిన ప్రతిదాన్నీ తక్కెడలో వేసి చూడవలసిందే.