గౌతమి ఒడ్డున ఫ్రెంచి ఊరు: యానాం చారిత్రక చిహ్నాలు

కాట్రేనికోన నుండి ఎదుర్లంక చేరి, బాలయోగి వంతెన మీదుగా గౌతమిని దాటితే మీరు అడుగుపెట్టేది ఆంధ్రప్రదేశ్‌లో కాదు, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో. అటూ ఇటూ భాష ఒకటే, బంధుత్వాలూ ఒకటే. మరి ఈ సరిహద్దు ఎక్కడి నుండి వచ్చిందో పరిశీలిద్దాం.

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. గిట్టుబాటు కాక 1727లో విడిచిపెట్టి, 1731లో తిరిగి వచ్చారు. వారిని ఆకర్షించినవి గోదావరి మండలపు నేత గుడ్డలు, చేరువలోని కోరంగి రేవు. ఐరోపాలో రెండు దేశాలకూ యుద్ధం వచ్చినప్పుడల్లా ఆంగ్లేయులు యానాంను ఆక్రమించడం, సంధి కుదిరాక తిరిగి ఇవ్వడం పరిపాటి అయింది. 1814 నాటి పారిస్ సంధితో ఆ పోరు ముగిసింది.

1839 నవంబరు ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టింది. నేడు యానాంలో మీరు చూసే సెయింట్ ఆన్స్ చర్చి ఆ తర్వాత, 1846లో పూర్తయింది. ఫ్రెంచి కాలాన్ని కళ్లకు కట్టే కట్టడాలలో ఇది ముఖ్యమైనది.

అయితే కట్టడాలు చెప్పని చరిత్ర కూడా ఉంది. 1929 శారదా చట్టం బాలికల వివాహానికి కనీస వయస్సు 14 ఏళ్లుగా నిర్ణయించింది. అది బ్రిటిష్ ఇండియాకే వర్తించింది. ఫలితంగా చుట్టుపక్కల కుటుంబాలవారు పిల్లలను రేవు దాటించి యానాంలో పెళ్లిళ్లు చేశారు. ఊరికి ‘కళ్యాణపురం’ అనే పేరు వచ్చింది. ఈ పేరును చాలామంది ముచ్చటగా చెబుతుంటారు. ఆ పడవలో కూర్చున్న పసిపిల్ల వైపు నుండి చూస్తే ఇందులో ముచ్చట లేదు. ఒక సరిహద్దు గీత ఆమెకు చట్టం ఇచ్చిన రక్షణను తీసివేసింది. దీనికి స్మారక చిహ్నం ఏదీ అక్కరలేదనుకుంటే, వారసత్వం అనే మాటకు మనం ఇస్తున్న అర్థం ఇరుకైనదే.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనవాదులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి మారింది. 1956లో విలీన ఒప్పందంపై సంతకాలు జరిగినా, చట్టపరమైన బదిలీ 1962 ఆగస్టు 16న గానీ పూర్తికాలేదు. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహేలతో పాటు యానాం కూడా ఒకే పాలన కిందికి వచ్చింది.

అభ్యాసం: మీ కుటుంబంలోగాని, ఊరిలోగాని యానాంలో జరిగిన పాత పెళ్లి గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. పెళ్లికూతురి వయస్సు, నది దాటిన రేవు పేరు తప్పక రాసుకోండి.