సీసీ కెమెరాలున్నా.. డీవీఆర్‌నే ఎత్తుకెళితే? పెట్టించే ముందు ఇవి చూసుకోండి!

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించేవాళ్లు కెమెరాల గురించే ఆలోచిస్తారు. కానీ చోరీ జరిగితే పోలీసులకు కావాల్సింది ఫుటేజీ. అది ఉండేది రికార్డర్‌లోని హార్డ్ డిస్క్‌లో. దొంగలు దాన్నే పట్టుకుపోతే కెమెరాలు ఉన్నా లేనట్టే.

ఏది కొనాలి: అనలాగ్ కెమెరాలకు డీవీఆర్, ఐపీ కెమెరాలకు ఎన్‌వీఆర్.

ఎన్ని రోజులు ఉంటుంది: సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక్కో కెమెరాకు రోజుకు దాదాపు 22 జీబీ కావాలి. 4 కెమెరాలు 24 గంటలూ నడిస్తే 1 టీబీ డిస్క్ 11 రోజుల్లో నిండిపోతుంది. ఆపై పాత వీడియో చెరిగి కొత్తది ఎక్కుతుంది. 15 రోజులు ఊరెళ్లొస్తే మొదటి రోజుల దృశ్యాలు దొరకవు. అలాంటివాళ్లు 2 టీబీ సర్వైలెన్స్ డిస్క్ తీసుకోవడం మేలు. హెచ్.265 రికార్డర్ అయితే స్థలం బాగా ఆదా అవుతుంది.

ఎలా పెట్టించాలి: రికార్డర్‌ను టీవీ పక్కన కాకుండా, తాళం వేసే చోట, గాలి ఆడేలా ఉంచాలి. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ తప్పనిసరి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చేయాలి. తేదీ, టైమ్ సరిచేయాలి. నెలకోసారైనా పాత వీడియో ప్లే చేసి చూడాలి. లైవ్ కనిపిస్తోందంటే రికార్డు అవుతోందని కాదు!