ఇసుక పలక నుంచి చక్రాల బల్ల దాకా

కాలేజీలో కొత్త తరగతి గది కడుతున్నారంటే ఈమధ్య వినిపించే మాటలు కొన్నున్నాయి. చక్రాల బల్లలు, ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు, నాలుగు గోడలకూ రాత బోర్డులు. విద్యార్థులు గుంపులుగా కూర్చుని, ఒకరికొకరు చెప్పుకుంటూ లెక్కలు చేయాలని, వాదించుకోవాలని ఈ ఏర్పాటు. ఇదంతా అమెరికా నుంచి దిగిన సరుకని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే దీని తల్లివేరు చెన్నై ఎగ్మూరులో ఉంది. ఇంకాస్త తవ్వితే మన వీధి బడి అరుగు తగులుతుంది.

1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం ఒక ఆశ్రమం తెరిచారు. దాని బడి బాధ్యత స్కాట్లండు నుంచి వచ్చిన మతాచార్యుడు ఆండ్రూ బెల్ మీద పడింది. ఒక ఉదయం గుర్రం మీద పోతూ ఆయన ఒక వీధి బడి చూశాడు. పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. మన తాతలు ఓనమాలు నేర్చింది కూడా ఇలాగే కదా! బెల్ తన బడికి వచ్చి అలాగే నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయుడు కుదరదన్నాడు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ పని అప్పగించాడు. వాడు తనకంటే చిన్నవాళ్లకు ఇసుకలో అక్షరాలు నేర్పి చూపించాడు. బెల్ 1797లో ఈ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ పద్ధతికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు స్థిరపడింది.

ఆ ఇసుకను ఒక్కసారి దగ్గరగా చూడండి. దానికి ముందూ వెనకా లేవు. ఎదురుగా కూర్చున్నవాడు వంగి గుడి దీర్ఘం సరిచేయొచ్చు. తప్పు పోతే అరచేత్తో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పొరపాటు చేయడానికి పిల్లవాడు జంకక్కర్లేదు. తప్పు చేయడానికి భయంలేని చోటు, పక్కవాడి చేయి అందే దూరం: నేటి గదుల రూపకర్తలు వెతుకుతున్నవి ఈ రెండే.

వీధి బడి లోపలి సంగతి మనకు వివరంగా చెప్పినవాడు బళ్లారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్. తెలుగుకు వ్యాకరణం రాసిన దొరల్లో ఈయన ఒకడు. మద్రాసు గవర్నర్ మన్రో అడిగిన మీదట 1823లో ఆయన పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి. పిల్లల్ని సాధారణంగా నాలుగు జట్లుగా విడదీసేవారు. కింది జట్లను పెద్ద పిల్లలు చూసుకుంటే, పై జట్టుకు పంతులే చెబుతూ బడి మొత్తం మీద ఒక కన్నేసి ఉంచేవాడు. చిన్నవాళ్లకు చెప్పడం వల్ల పెద్దవాళ్ల చదువు కూడా గట్టిపడుతుందని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగినదేనని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. మొత్తం 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మందే. వీధి బడిని తలచుకుని మురిసేవాళ్లు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

ఇంగ్లండుకు చేరాక ఈ పద్ధతి రెండు రకాల గదులను పుట్టించింది. బెల్ అనుచరులు రాత బల్లల్ని గోడల వెంట పెట్టి నడిమి నేల ఖాళీగా వదిలారు. పిల్లలు జట్లు జట్లుగా అక్కడ నిలబడి పాఠాలు అప్పజెప్పేవారు. అక్కడే ఇలాంటి బడి నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ మాత్రం నడిమంతా బెంచీల వరుసలతో నింపేశాడు. ఇద్దరికీ కావలసింది తక్కువ ఖర్చుతో వందలమందికి చదువు చెప్పడం. కాబట్టి కంఠతా పట్టడం, కవాతు ఎక్కువయ్యాయి. చివరకు ప్రపంచానికి అలవాటైంది వరుసలే.

మన కాలేజీలకూ ఆ వరుసలే వచ్చాయి. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో మొదట పరీక్షలు పెట్టే సంస్థ. పరీక్షే గమ్యమైనప్పుడు నోట్సు చెప్పే గొంతు ఒకటి, రాసుకునే చేతులు వంద ఉంటే చాలు. నేను చదివిన కాలేజీలో మెట్లమెట్లుగా కట్టిన హాలు ఉండేది. బెంచీలు నేలకు బిగించినవి. మూడేళ్లు నా ముందు కూర్చున్న స్నేహితుడి మెడ మీది పుట్టుమచ్చ నాకు గుర్తుంది. క్లాసులో అతను ఏమాలోచించేవాడో మాత్రం ఒక్కనాడూ తెలియలేదు.

ఇసుక నాటి బుద్ధి చెన్నైకి తిరిగి వచ్చింది చిన్న బడుల దారిన. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను కార్డులుగా, నిచ్చెన మెట్లుగా విడగొట్టి, పిల్లలు జట్లుగా కూర్చుని ఎవరి వేగంతో వారు నేర్చుకునే విధానం తయారుచేశారు. అప్పటి చెన్నై కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ దాని స్ఫూర్తితో 2003లో 13 కార్పొరేషన్ బడుల్లో మార్పు మొదలుపెట్టారు. బెంచీల బదులు చాపలు పరిచారు. పిల్లల చేతికందే ఎత్తులో గోడల చుట్టూ నల్లబల్లలు వేయించారు. టీచరు కుర్చీ వదిలి చాప మీదికి వచ్చారు. 2007 నాటికి ఇది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది.

విశ్వవిద్యాలయాల స్థాయిలో దీనికి దారి చూపింది అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ. అక్కడ భౌతికశాస్త్రం చెప్పే రాబర్ట్ బైక్నర్ 1990లలో లెక్చర్ హాలు మానేసి ఏడడుగుల గుండ్రటి బల్లలు వేయించాడు. ఒక్కో బల్లకు తొమ్మిదిమంది, ముగ్గురు చొప్పున మూడు జట్లు. మాస్టారు బల్లల మధ్య తిరుగుతుంటాడు. వింటుంటే బళ్లారి పంతులు కళ్లముందు మెదలడం లేదూ?

చెన్నైలోనో, విజయవాడలోనో, వరంగల్‌లోనో కొత్త గది కట్టించే ప్రిన్సిపాళ్లకు, ఇంజనీర్లకు నా విన్నపం ఒకటే. బల్లలకు చక్రాలు తర్వాత కొనొచ్చు. ముందు నేల చదునుగా ఉంచండి, దానికి ఏదీ బిగించకండి. గుంపుకో రాత బోర్డు ఇవ్వండి. పదిమంది ఒకేసారి మాట్లాడినా చెవులు గింగురుమనకుండా పైకప్పు, పంకాలు చూసుకోండి. నక్షా మీద సంతకం పెట్టేముందు ఆ గదిలో పాఠం చెప్పబోయే అధ్యాపకుల్ని, కూర్చోబోయే పిల్లల్ని పిలిచి అడగండి.