శేషం చెప్పిన కథ: గణితబోధనలో వ్యవకలనం

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహం ఎనిమిది పరికర్మలను గుణకారంతో ఆరంభిస్తుంది. మామూలు కూడిక, తీసివేతలకు వాటిలో చోటు లేదు. ఉన్నవి శ్రేఢి మొత్తాన్ని రాబట్టే సంకలితం, శ్రేఢి మొదటి పదాలను తొలగించి మిగిలిన భాగానికి విలువ కట్టే వ్యుత్కలితం. పావులూరి మల్లన ద్వారా తెలుగుకు అందినది ఈ గ్రంథమే. పన్నెండు నుంచి ఏడు తీయడం చదువరి ముందే నేర్చి వచ్చే విద్య అని శాస్త్రకారుని భావన కావచ్చు.

భాస్కరాచార్యుడు లీలావతిలో (1150) వ్యవకలితానికి చోటిచ్చాడు. అయితే ఉదాహరణ పొడి అంకెలదే: ఏడు సంఖ్యలను కూడితే 360, దానిని 10000 నుంచి తీస్తే 9640. కథ తరువాత, శేషజాతి లెక్కల్లో వస్తుంది. ఒక యాత్రికుడు తన ధనంలో సగం ప్రయాగలో, మిగిలినదానిలో తొమ్మిదింట రెండు వంతులు కాశిలో, ఆపై శేషంలో నాలుగో వంతు దారి సుంకాలకు, మళ్లీ మిగిలినదానిలో పదింట ఆరు వంతులు గయలో వెచ్చించగా 63 నిష్కాలు మిగిలాయి. మొదట ఉన్నవి 540. కథలో ధనం తరుగుతూ పోతుంది, లెక్క మాత్రం శేషం నుంచి వెనక్కి నడుస్తుంది. ఇది భిన్నాలు వచ్చిన విద్యార్థికి తగిన కథ, పసివాడికి కాదు.

పసివాడి చదువు జాడ చాలా కాలం తరువాతి ఒక నివేదికలో దొరుకుతుంది. తెలుగు వ్యాకరణం (1816), నిఘంటువు (1821) రచించిన ఎ.డి.క్యాంప్‌బెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో అక్కడి తెలుగు, కన్నడ బడులను వర్ణించాడు. పిల్లవాడు ఇసుకలో వేలితో రాస్తాడు, కూడిక పట్టిక వల్లెవేస్తాడు, నూరు దాకా లెక్కిస్తాడు. ఆ వెంటనే డబ్బు కూడికలు, డబ్బు తీసివేతలు. పద్యాలను అర్థం తెలియకుండా అప్పజెబుతారని ఆక్షేపించిన ఆ నివేదికే, నాలుగేసి వంతులుగా దిగే భిన్నాలను నేర్పడంలో పడే శ్రమను మెచ్చుకున్నది. పావు, వీసం, కాని అన్న మాటలు ఆ వరుసలోనివే.

తీసివేత డబ్బుతో మొదలవడం గమనించదగినది. బేరం కథ అవుతుంది, నాణెం నమూనా అవుతుంది. అణాల లెక్కలో 3 రూపాయల 4 అణాల నుంచి 1 రూపాయి 9 అణాలు తీయాలంటే ఒక రూపాయిని చిల్లర మార్చాలి. 20 అణాల నుంచి 9 పోగా 11, రూపాయి 2లో 1 పోగా 1. ఇక్కడ ఎవరూ అప్పు చేయలేదు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాక ఈ అనుభవం బజారు నుంచి క్రమంగా తప్పుకున్నది. బడిలో ‘అరువు తెచ్చుకోవడం’ అనే మాట నిలిచింది. తిరిగి తీర్చని అరువు ఏమిటని పిల్లవాడికి సందేహం కలిగితే అది న్యాయమే. పది పుల్లల కట్టను విప్పి చూపే ఉపాధ్యాయుడు తెలిసో తెలియకో పాత చిల్లర మార్పిడినే చేస్తున్నాడు.

పేరుతోనూ చిక్కే. ‘తీసివేత’ ఒక్క కథనే చెబుతుంది: ఉన్నదానిలో కొంత పోయింది. అక్క దగ్గర 12 గవ్వలు, తమ్ముడి దగ్గర 7 ఉంటే ఎవరూ ఏమీ తీయరు, తేడా మాత్రమే అడుగుతారు. 12 కావాలి, 7 ఉన్నాయి అంటే తక్కువపడినది వెతకాలి. వ్యవహారంలోని ‘పోగా’, ‘తేడా’, ‘తక్కువ’ మూడు వేర్వేరు సందర్భాలను పట్టి ఇస్తుండగా, పాఠం శీర్షిక ఒక్కదానినే నిలిపింది. అందుకే ‘అక్క దగ్గర ఎన్ని ఎక్కువ?’ అన్న ప్రశ్నలో ‘ఎక్కువ’ వినగానే పిల్లవాడు 19 అని కూడి చెప్పడం కద్దు.