సొత్తు దుర్వినియోగం (నేరం)

ఇతరుల చరాస్తిని దురుద్దేశంతో సొంతానికి వాడుకోవడం సొత్తు దుర్వినియోగం. దొంగతనంలో సొత్తును తీసుకోవడమే తప్పు. ఇక్కడ అది సక్రమంగానే చేతికొచ్చి ఉండవచ్చు, బుద్ధి తర్వాత మారుతుంది. ఆత్మకూరు బస్టాండులో దొరికిన సంచిని సొంతదారుకు ఇద్దామని తీసి ఉంచితే నేరం కాదు. లోపల చిరునామా కనబడినా డబ్బు వాడేసుకుంటే నేరం.

చరిత్ర

యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. ఈయన నెల్లూరు తిక్కనకు ‘దశకుమార చరిత్రము’ అంకితమిచ్చిన కవి. దాచమని ఇచ్చిన సొత్తుకు, తనది కానిదాన్ని అమ్మడానికి, దొరికిన నిధికి ఆ స్మృతిలో వేర్వేరు నియమాలున్నాయి. నిధి సంగతి రాజుకు చెప్పకుండా దాస్తే దాన్ని రాబట్టి దండించాలి.

1780లలో నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట పక్కన దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుతగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద రోమన్ బంగారు నాణేల ముంత బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలు రాబట్టాడు. వాటిలో రెండు తాను ఏరుకున్నానని మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాశాడు.

1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి 403వ సెక్షన్ ఈ నేరాన్ని నిర్వచించింది. 1878 నిధుల చట్టం ప్రకారం నేలలో దాగిన, పది రూపాయలకు మించిన సొత్తు దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. ఉదయగిరి కోట చుట్టుపక్కల ముంత దొరికినా ఇదే నియమం.

సంబంధిత నేరాలు

నమ్మి అప్పగించిన సొత్తును కాజేయడం నమ్మకద్రోహం. ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మిపెట్టమని ఇస్తే, అమ్మి డబ్బు మింగేసిన ఏజెంటు దీని కిందికి వస్తాడు. మొదటి నుంచే మోసగించే ఉద్దేశంతో సరుకు తీసుకుంటే అది మోసం. చనిపోయినవారి ఒంటిమీది నగలు కాజేయడం మరో నేరం.

శిక్షలు

2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. 314వ సెక్షన్ కింద దుర్వినియోగానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, జరిమానా. పాత చట్టంలో కనీస శిక్ష లేదు. 316 కింద నమ్మకద్రోహానికి ఐదేళ్ల వరకు, ప్రభుత్వోద్యోగి చేస్తే యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.