గాత్రం

సంస్కృతంలో ‘గాత్రం’ అంటే శరీరం లేదా అవయవం. తెలుగులో మాత్రం అది పాడే గొంతుకు పేరై, కచేరీ ఆహ్వానపత్రాల్లో గాయకుని పేరు పక్కన నిలిచింది. వీణలు రెండని, కొయ్యతో చేసినది దారవి అని, మనిషి దేహమే గాత్రవీణ అని నారదీయ శిక్ష అనే సంస్కృత గ్రంథం చెబుతున్నది. తెలుగు అర్థానికి మూలం ఈ భావనే అనుకోవడం సమంజసం.

నేడు ఇంట్లోనే కంప్యూటరుపై పాటలు కూర్చేవారు వాడే వోకోడర్ ఈ రెండు వీణలనూ ఒకటి చేస్తుంది. 1930లలో బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ టెలిఫోను సంభాషణల కోసం రూపొందించిన ఈ సాధనం గొంతును పలు పౌనఃపున్య పట్టీలుగా విడదీసి, ఒక్కొక్క పట్టీలోని హెచ్చుతగ్గులను కొలిచి, వాటిని మరో నాదంపై, అంటే నేటి వాడుకలో సింథసైజర్ నాదంపై, విధిస్తుంది. కనుక స్వరం మీటదై, ఉచ్చారణ గాయకునిదై, వాద్యమే మాట పలికినట్లు వినిపిస్తుంది. నాదం లేకుండా శ్వాసతోనే పుట్టే ‘స’, ‘ష’ వంటి ఊష్మాలు ఇందులో మసకబారతాయి కాబట్టి, వాటి చోట కొంత రొదను కలపవలసి వస్తుంది. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి గనుక, చివరి అచ్చును సాగదీసి దాని కింద స్వరాలు మార్చే అవకాశం ఈ భాషలో పుష్కలం.

గొంతు మార్చే విద్య తెలుగువారికి కొత్త కాదు. అనంతపురం సీమలో ధర్మవరానికి చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో కళాకారులు తెర వెనుక నుంచి పాత్రకొక గొంతు పెట్టి పలుకుతారు. అక్కడ నాదమూ, ఉచ్చారణా రెండూ దేహానివే.