రాజమహేంద్రవర కళాశాల

గౌతమీతీరమున 1853వ సంవత్సరమునఁ బాఠశాలగా వెలసి, క్రమముగాఁ గళాశాలయైన యీ విద్యాలయమునఁ గందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రపండితులై యుండిరి. ఆ ఖ్యాతి యందఱెఱిఁగినదే. నేఁ జెప్పఁబూనినది 1907వ సంవత్సరపు వృత్తాంతము.

ఆ యేప్రిలు మాసమున బిపినచంద్రపాలుగారు నగరమున నుపన్యసించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిఁగించి వినిపించిరి. పిమ్మట విద్యార్థులు వందేమాతరమను బిళ్లలను రొమ్మునఁ దాల్చి తరగతుల కేఁగిరి. తీసివేయుఁడని ప్రిన్సిపాలు మార్కు హంటరుదొర యాజ్ఞాపించెను. పిల్లలు వినరైరి, తరగతులు విడిచి వెడలిరి.

బహిష్కృతులలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రొకరు. ఎం.ఏ. పట్టభద్రులు, ఉపాధ్యాయశిక్షణ పొందుచున్నవారు. దొరతనమువారి కొలువున కనర్హులని వారిని శాసించిరి. చిన్న బిళ్ల కెంత వెల! బడిపంతులుగా బ్రదికినవాఁడను గాన, ఆ జీవిక ముందే తెగుట యెట్టిదో యూహింపఁగలను. 1908లో 'స్వరాజ్య' పత్రికకై వారు కారాగృహమున కేఁగిరి. విడుదలయైన పిదప గ్రంథాలయోద్యమమునఁ బాటుపడి, వయోజనులకు నక్షరములు నేర్పించిరి.